బావ పేరే రాయండి

భద్రాచలం,
ఆదివారం

ప్రియమైన అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటా అనుకుంటావు. ఫోన్‌లో నీ గొంతు వింటే "బాగున్నా" అనేస్తాను. అక్కడితో అయిపోతుంది. కాగితమైతే మధ్యలో ఆపి "తిన్నవా" అని అడగదు.

ముందు మొన్న క్లాసులో జరిగింది చెబుతాను. ఇక్కడ నర్సింగ్ చదివే ఆడపిల్లలకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతున్నాను కదా. ఆ రోజు పాఠం, తెగించి చేసే పనులకు ఇంగ్లీషులో ఉన్న క్రియలు. బోర్డు మీద రిస్క్, వెంచర్, గ్యాంబుల్, స్టేక్, డేర్ అని రాశాను. రిస్క్ అంటే చేతిలో ఉన్నది పోవచ్చని తెలిసీ దిగడం, వెంచర్ అంటే జంకుతూనే అడుగు ముందుకు వేయడం అని చెప్పాను. ఖతీజా అనే అమ్మాయి లేచి, "కాదు మేడం, వెంచర్ అంటే ప్లాట్లు. మా అబ్బా పాల్వంచ దిక్కు ఒకటి కొన్నడు" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. గ్యాంబుల్‌కు డబ్బు పెట్టి ఆడే పత్తాలాటను వాళ్ళే ఉదాహరణ ఇచ్చారు. స్టేక్ అంటే పణంగా పెట్టడం. డేర్ దగ్గరికి వచ్చేసరికి మన కాన్వెంటు గుర్తొచ్చింది. ఆ మాటను మనం అక్కడ తిట్టుగానే విన్నాం. వరండాలో నిలబెట్టి "హౌ డేర్ యూ" అనేవారు. నిన్ను చాలాసార్లే అన్నారు. నన్ను ఒక్కసారీ అనలేదు. అనిపించుకునేంత పని నేనెప్పుడు చేశాను గనక.

అప్పుడు ఖతీజా, "మీరు జెప్పుండ్రి మేడం. మీరేం రిస్క్ తీస్కున్నరు?" అని అడిగింది.

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని నాన్న కొలువు సంగతి చెప్పాను. బొగ్గుబాయిలో పనిచేసి ఊపిరి చాలక మా నాన్న అన్‌ఫిట్ అయ్యాడు, ఆ కొలువు ఇంట్లో ఒకరికి వస్తుంది, నాన్న నా పేరే అనుకున్నాడు, నేను అక్క పిల్లల కోసం మా బావకు వదిలేశాను అని. పిల్లలు చప్పట్లు కొట్టారక్కా. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆ చప్పట్లు ఆగేదాకా నేను వెనక్కి తిరిగి, తుడిచిన బోర్డునే తుడుస్తూ నిలబడ్డాను.

అది నిజం కాదు. ఆ రోజు నువ్వు వంటగదిలో ఉన్నావు, మాటలు విన్నావే కానీ నా ముఖం చూడలేదు. నాన్న మంచం మీద, యూనియన్ చందర్ బాబాయి కుర్చీలో కూర్చున్నారు. "ఇప్పుడు ఆడపిల్లల్ని గూడ బాయిల దింపుతున్నరు. పైన ఆఫీసు పనే దొరుకుతదనుకోకుండ్రి" అన్నాడు బాబాయి. ఆ మాటకు, చిన్నప్పటి నుంచీ గోడ అవతల విన్న నాన్న దగ్గంతా ఒక్కసారే చెవుల్లో పడింది. అంతలో బావ ఆటో బయట పెట్టి లోపలికి వచ్చాడు. "బావ పేరే రాయండి. అక్కకు ఇద్దరు పిల్లలు" అన్నాను. ఎవరో తరుముతున్నట్టు అన్నాను. అమ్మ నా తల నిమిరింది. బాబాయి నన్ను బంగారు తల్లి అన్నాడు. మామ ముందు, యూనియన్ మనిషి ముందు, మరదలు అలా ఇచ్చేస్తుంటే ఏ అల్లుడు వద్దంటాడు? బావ తలూపాడు.

నాది త్యాగం కాదు, భయం. భయం ఒక్కటే అయితే ఇంత సిగ్గు ఉండేది కాదు. బావ సంగతి నాకు తెలుసు. చిన్నోడు పుట్టినప్పుడు ఖమ్మం దవాఖానాలో బావ ఎప్పుడూ మెట్లే ఎక్కేవాడు. ఒకసారి నేను సరదాకి చేయి పట్టి లిఫ్టులోకి లాగాను. తలుపు మూసుకునేలోగా బయటకు దూకి గోడకు చేరగిలబడ్డాడు. చొక్కా అంతా చెమట. "శ్రీదేవికి జెప్పకు" అన్నాడు. నీకు చెప్పలేదు.

మూసిన చోట నిలవలేని మనిషిని నేల కిందికి పంపమని నేనే చెప్పాను. పణంగా పెట్టింది నాదేదీ కాదు, నీ మనిషిని. నిన్న అమ్మ ఫోన్‌లో నవ్వుతూ చెప్పింది, బావ స్నానానికి వెళ్ళినా తలుపు ఓరగా తెరిచే ఉంచుతున్నాడట, అన్నం సగంలో లేస్తున్నాడట. కొత్త నౌకరి కదా, గుబులు ఉంటది అంది. నేనూ ఇక్కడ నవ్వాను. ఆ నవ్వు ఇంకా నోట్లో చేదుగా ఉంది.

నెలాఖరున బావకు వైద్య పరీక్ష. అది అయ్యాక పేరు మార్చడం కుదరదట. ఏం చేయాలో తెలియక రాయడం లేదు. తెలిసీ కాలు కదలడం లేదు. నువ్వు తిడితేనైనా కదులుతుందేమో.

నీ చెల్లెలినని రాయడానికి చేయి రాని
సునంద


భద్రాచలం,
గురువారం

అక్కా,

వారం రోజులూ తిట్లు రాస్తావనే అనుకున్నాను. ఒక్క వాక్యమే రాశావు. "లిఫ్టు సంగతి నాకెప్పుడో తెల్సు, కొలువు లేకపోతే కంపెనీ క్వార్టర్ పోతదని నేను గూడ నోరు మూసుకున్న." ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి నువ్వు పిల్లల కోసం బడికి పోయావు. అక్కడ జరిగింది ఈపాటికి నీకు అందరూ ఒకలాగే చెప్పి ఉంటారు. నా నోటితో కూడా విను.

నిజమంతా చెప్పేయాలనే వెళ్ళాను. గుమ్మంలో బావను చూశాక ఆగిపోయాను. చిక్కిపోయాడు. నా సిగ్గు దించుకోవడానికి ఆయన భయాన్ని నలుగురి ముందు పరచడం ఇంకో తప్పు అనిపించింది. చందర్ బాబాయిని పిలిపించి, "మనసు మారింది. కొలువు నాకే కావాలి, నా పేరు రాయండి" అన్నాను. కారణం చెప్పలేదు.

"ఇద్దరు పిల్లల తండ్రి నోటికాడి ముద్ద గుంజుకుంటవా బిడ్డా?" అన్నాడు బాబాయి. నాన్న దగ్గు ఆపుకుని, "బాయిల దిగుతవా?" అని మాత్రం అడిగాడు. అవ్ అన్నాను. అమ్మ లేచి వచ్చి, నా ముందు పెట్టిన చాయ్ తీసేసింది.

"నీకెంత ధైర్యమే" అంది.

ఆ మాట ఇంతవరకూ నన్నెవరూ అనలేదక్కా.

బావ అందరి ముందు ముఖం మాడ్చుకునే ఉన్నాడు. సదువుకున్నోళ్ళకు లెక్కలు బాగ తెలుస్తయ్ అన్నాడు. అయినా బస్టాండుకు తన ఆటోలోనే తీసుకెళ్ళాడు. నేను దిగుతుంటే అద్దంలోంచి చూస్తూ అడిగాడు.

"నీకు భయమైతలేదా?"

"ఐతుంది బావా."

"మరి?"

సంచి తీసుకుని బస్సెక్కాను. బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. బావ రోడ్డు దాటి, టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీలు తింటున్నాడు. బస్సు మలుపు తిరుగుతుంటే ప్లేటు మళ్ళీ ముందుకు చాపాడు.

క్వార్టర్ గురించి దిగులు పెట్టుకోకు. నా పేరు మీద వచ్చినా అందరం అందులోనే ఉంటాం. అమ్మకు ఈ మాట కొన్నాళ్ళాగి నువ్వే చెప్పు, నేను చెబితే ఇప్పుడు వినదు. బావకు మాత్రం ఈ ఉత్తరాలు చూపించకు. పొయ్యిలో పెట్టేయి.

ఇవాళ క్లాసులో ఖతీజా మా బావ కొలువులో చేరాడా అని అడిగింది. లేదు, నేనే తీసుకున్నానని చెప్పాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను బోర్డు వైపు తిరగకుండా వాళ్ళ ఎదుటే నిలబడి పాఠం మొదలుపెట్టాను.

నెలాఖరున పరీక్షకు వస్తాను. అమ్మ నాతో మాట్లాడకపోయినా నాకూ కాస్త అన్నం వండమని చెప్పు.

నీ చెల్లెలు
సునంద