లార్జుంగ్ దాటాక ఎక్కడ తినాలి

తుకుచే,
భాద్రపద పున్నమి మర్నాడు

నా బంగారు తల్లి ఓమకుమారికి,

మీ నాన్న గుండె నిండా దీవెనలు. నిన్నూ, మీ ఆయన తిలక్‌నీ, చిన్నారి మైనానీ ఆ ముక్తినాథుడు చల్లగా చూడాలి. ఇక్కడ నేనూ, మీ అమ్మా, రెండు కంచరగాడిదలూ బాగానే ఉన్నాం. బాగానే ఏమిటి, నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నా కాళ్ళు నేల మీద ఆనడం లేదు! మైనా పుట్టినప్పుడు ఫోటో పంపావు, నేను జవాబు రాయలేదు. అయినా మళ్ళీ రాశావు చూడు, ఎంత మనసమ్మా నీది!

టపా తెచ్చిన మనిషికి ఒక గ్లాసు సారా పోసి, "ఇంకో ఉత్తరం ఉందేమో వెతుకు నాయనా" అని సంచీ అంతా దులిపించాను. మీ అమ్మ ఊరుకుంటుందా? "పోస్టతన్ని కూడా వండుకు తినేలా ఉన్నావు, ముందు చదువయ్యా" అని కసిరింది. సరే అని మొదలుపెడితే, "అక్షరాలు కూడబలుక్కుంటూ కూర్చోకు, మైనా సంగతి ఎక్కడ రాసిందో అక్కడికి పో" అంది. నాలుగుసార్లు చదివించుకుంది. అయిదోసారి తనే అప్పజెప్పింది, చదువురాని మనిషి!

అమ్మ మోకాలి సంగతి అడిగావు. ఎక్కడానికి పరవాలేదు, దిగడానికే తిడుతుంది, మోకాలిని కాదు, నన్ను. పెరట్లో ఆప్రికాట్ చెట్టు బతికే ఉంది. ఈ ఏడు విరగకాసింది. మైనా కోసం ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచాం.

ఇక మీరు ముక్తినాథ్‌కి వచ్చే దారిలో తిండి సంగతి. ఈ లోయలో నలభై ఏళ్ళు కంచరగాడిదలు తోలినవాణ్ణి, నన్నే అడిగావు, నాకదే పెద్ద సన్మానం. మొదటి మాట, ఏ సత్రంలోనైనా కూర్చునే ముందు గోడ మీది ఇత్తడి గిన్నెలు చూడు. తళతళలాడుతుంటే కూర్చో. రెండో మాట, "అన్నం సిద్ధంగా ఉంది, రండి రండి" అన్నారా, లేచి నడువు. మీరు వచ్చాకే ఎసరు పెట్టాలి. ఆలస్యమైతే అవనీ, మైనా చేతిలో నాలుగు వేయించిన మొక్కజొన్న గింజలు పెట్టు.

తాతోపానీలో వేడినీటి బుగ్గ పక్కన పెద్ద పెద్ద బోర్డులుంటాయి, అటు చూడకు. మెట్లెక్కి పైకి పోతే సంతుమాయ వంటిల్లు. దాని నిమ్మకాయ పచ్చడికి చచ్చినవాడు లేచి కూర్చుంటాడు. నా పేరు చెప్పు. "ఆ ముసలాడింకా ఉన్నాడా" అంటుంది, నవ్వి ఊరుకో. ఘాసాలో ఫాపర పిండి సంకటి తినకుండా దాటారో, నేనొప్పుకోను. నడుమ గుంట చేసి నెయ్యి పోయించుకో. మైదానంలో బతికి నీ నాలుక చప్పబడి ఉంటుంది, కొంచెం తిముర్ మిరియాల కారం అడుగు. కాలోపానీలో చిక్కుడుగింజల పులుసు, పక్కన ఎండుమాంసం వేపుడు. అక్కణ్ణుంచి మాత్రం పొద్దున్నే బయల్దేరండి. పది దాటితే గాలి లేస్తుందని నీకు తెలుసు, మైనాకి తెలియదు కదా. ఆ గాలిలో కూర్చుంటే అన్నంలో సగం ఇసకే.

మార్ఫాలో ఆపిల్ పళ్ళు కడుపు నిండా తినండి. మీ ఆయనకి ఆపిల్ సారా ఒక్క గ్లాసే, ఆ తర్వాత కొండ ఎక్కాలి. కాగ్‌బేనీలో రొట్టెలు. ముక్తినాథ్‌లో నూట ఎనిమిది ధారల కింద తడిసి వచ్చాక, వణుకుతూ తినే ఉడకబెట్టిన బంగాళాదుంపకి సాటి లేదు.

అన్నీ రాశాను. నువ్వడిగిన ఒక్కటి రాయలేదు. "నాన్నా, లార్జుంగ్ దాటాక మార్ఫా చేరేలోపు ఎక్కడ తినాలి? మైనా ఆకలికి ఆగలేదు" అని అడిగావు. తల్లీ, ఆ రెండింటి నడుమ ఉన్నది మన తుకుచే, అందులో మన సత్రం. నీకు తెలియకనా! తెలిసే అడిగావు. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి మీ అమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

కమ్మరి పిల్లవాణ్ణి చేసుకున్నావని, "వాడు నా పొయ్యి దగ్గరికి రాకూడదు, నువ్వూ రావద్దు" అన్నది నేనే. ఆ మాట నీకు తెలుసు. తెలియనిది ఒకటుంది. ఇప్పుడు రాస్తున్నాను.

మొన్న ఫాల్గుణంలో ఒక మనిషి వచ్చి బయటి బల్ల మీద కూర్చున్నాడు. మీ అమ్మ పుట్టింటికి వెళ్ళింది, నేనే వండాను. ఎండు జింబు ఆకు తాలింపు వేసిన పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు.

"పప్పు ఎలా ఉంది?" అన్నాను.

"మా ఇంట్లో పప్పులాగే ఉంది బాజే. మా ఆవిడ ఈ లోయ పిల్లే."

అప్పుడు మొహం చూశాను. ఫోటోలో మైనాని ఎత్తుకున్న మొహం. తిలక్! అతను తలుపులోంచి పొయ్యి వైపు చూసి, "ఆ ఇనప ముక్కాలికి ఒక కాలు చిట్లింది, గిన్నె ఒరిగితే చేతులు కాలతాయి. ఇలా ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను. ఊరి చివర కొలిమిలో అతికించి, నున్నగా కొట్టి తెచ్చాడు. తెచ్చి గడప బయటే పెట్టాడు, లోపలికి అడుగు వెయ్యలేదు. తర్వాత తను తిన్న పళ్ళెం తనే కడిగి రాయి మీద బోర్లించాడు. కమ్మరి తిన్న పళ్ళెం కమ్మరే కడగాలన్నది మన సత్రాల ఆచారం కదా.

నా అల్లుడు పళ్ళెం కడుగుతుంటే నేను గుంజకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను తల్లీ. ఎవరో తెలిసి కూడా. "ఉంటాను బా" అని వెళ్ళిపోయాడు. అంతదాకా దారిన పోయే ముసలాణ్ణి పిలిచినట్టు బాజే అన్నవాడు, పోతూ పోతూ బా అన్నాడు, నాన్నా అని. నీకు చెప్పాడో లేదో. చెప్పి ఉండడు, అలాంటివాడిలా ఉన్నాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజే మీ అమ్మకి చెప్పాను. రెండు రోజులు నా అన్నం నన్నే వండుకోమంది. మూడో రోజు ఎదురింటి జేఠా అన్నయ్య వచ్చి, "పొయ్యి మైలపడుతుందిరా, ఆలోచించుకో" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ అందుకుంది. "ఆరు నెలలుగా ఆ పొయ్యి అతను అతికిన కాలి మీదే నిలబడింది బావగారూ. మొన్న మూడు గిన్నెలు లాగించారు, మైల గొంతుకి అడ్డం పడలేదా?" అంది. ఆయన టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున మళ్ళీ పప్పన్నానికి వచ్చాడనుకో.

కాబట్టి అమ్మా, లార్జుంగ్ దాటాక ఎక్కడా ఆగవద్దు. బయటి బల్ల మీద కూర్చోవద్దు, గడప దాటి నేరుగా లోపలికి రండి. పొయ్యి పక్కన నా పీట, దాని పక్కన తిలక్ పీట, నడుమ మైనా. మీ అడుగుల చప్పుడు విన్నాకే ఎసరు పెడతాం. ఒక్క మాట అతనికి ముందే చెప్పి తీసుకురా. తిన్న పళ్ళెం అక్కడే వదిలేసి లేవాలి.

ఇట్లు,
ఆ పళ్ళెం కడగడానికి కాచుకుని ఉన్న
నీ నాన్న