ప్రార్థన పుస్తకంలో అరవై మూడు పేర్లు

కీర్తిశేషులు మేడిది జేమ్స్ గారి భార్యను, మేడిది కెజియా అనే నేను, వయసు యాభై నాలుగు, స్వస్థలం తూర్పు గోదావరి జిల్లా రాజోలు, ప్రస్తుత నివాసం జెద్దాలో ఆసుపత్రి నర్సుల హాస్టల్ మూడో అంతస్తు, నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. ఈ గురువారం పొద్దున నా బీపీ నేనే చూసుకున్నాను, నూట ముప్పై బై ఎనభై. రోగికి తెలివి సరిగ్గా ఉందో లేదో తెలుసుకోడానికి మేము అడిగే ప్రశ్నలు కూడా నన్ను నేనే అడిగి చూసుకున్నాను. పేరేమిటి, ఏ ఊళ్ళో ఉన్నావు, ఇవాళ ఏ వారం. మూడూ తడుముకోకుండా చెప్పాను. ఎవరి బలవంతమూ లేదు. ఎల్లుండి శనివారం నాకు గుండె కవాటం మార్చే ఆపరేషన్. లేచి వస్తే ఈ కాగితం నేనే చింపేస్తాను, రాకపోతే ఇది చెల్లుతుంది.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత జుబైల్‌లో ప్లాంటు ఆపరేటరుగా ఉన్న మా పినతండ్రి కొడుకు యిర్మీయాకు అప్పగిస్తున్నాను. నా అలారం గడియారం కూడా అతనికే చెందాలి. ఆత్మీయ సోమరితనం, అంటే భక్తిలో బద్ధకం, మీద అతను నాకు ఫోన్లో చెప్పిన ప్రసంగాలన్నీ తెల్లారుజామున లేవడం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతాయి. తమ్ముడూ, తొమ్మిదేళ్ళుగా నేను రోజూ ఐదింటికి లేచాను. లేచినంత మాత్రాన ఆ జబ్బు పోదు. ఎందుకో నాలుగో అంశంలో రాశాను, చదువు.

2. నా వార్డులోనే పనిచేసే షైనికి నా ప్రెషర్ కుక్కరు, ఊరగాయ జాడీ, శుక్రవారం తలుపు వేసుకుని గొంతు తగ్గించి పాడుకునే మా ప్రార్థన కూడికకు పరిచే రెండు చాపలు. పాట చివరి చరణం ఎగ్గొట్టే అలవాటు ఆ పిల్ల మానుకోవాలి. బిర్యానీ మాడుతుందన్న సాకు నేను చాలాసార్లు విన్నాను.

3. రాజోలులో నా వాటా ఇంటిస్థలమూ, అమ్మ గొలుసూ నా చెల్లెలు మణికి చెందాలి. తొమ్మిదేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు నేను వెళ్ళలేదు. సమాధి దగ్గర అందరి ముందూ, "మా అక్కకి ప్రార్థన చేసుకోడానికి ఖాళీ ఉంటది గానీ రావడానికి ఉండదు" అందట. ఆ మాట నా దాకా వచ్చింది. ఆ వారమే ఒక నల్ల అట్ట నోటుబుక్కు కొని, మొదటి పేజీలో "మణి మనసు మార్చు ప్రభువా" అని రాసుకున్నాను. రోజూ అదే అడిగాను. ఫోను మాత్రం ఒక్కసారీ చెయ్యలేదు. కోపం నాకింకా ఉంది, లేదని రాస్తే వీలునామా అబద్ధమవుతుంది.

4. ఆ నోటుబుక్కు విషయం. అందులో ఇప్పుడు అరవై మూడు పేర్లున్నాయి. పదిహేడోది ముత్యవ్వ, పక్కన "ఆయాసం". మా హాస్టల్లో ఏసీలు బాగుచేసే భూమేష్‌కు తల్లి ఆమె. వాళ్ళది నిజామాబాద్ జిల్లా. 2001లో అతను నిచ్చెన మీద నుంచే, "మా అవ్వకు పానం మంచిగుంటలేదక్కా, మీ దేవునికి జెర చెప్పరాదు" అన్నాడు. రాసుకున్నాను, అయిదేళ్ళు రోజూ చెప్పాను. ఈ మార్చిలో అతను ఏసీ చూడడానికి వస్తే, మీ అమ్మ ఎలా ఉందని మాటవరసకు అడిగాను. పోయి మూడేళ్ళయిందన్నాడు. కఫీలు, అంటే అతన్ని పనికి తెచ్చుకున్న యజమాని, పాస్‌పోర్టు ఇవ్వకపోవడంతో ఆఖరి చూపుకు కూడా పోలేకపోయాడట. నాకెందుకు చెప్పలేదయ్యా అంటే అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "రోజు ఆయనతోని మాట్లాడుతవు గదక్కా. ఆయన చెప్పిండనుకున్న."

సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గు కాస్త తగ్గాక కుతూహలం పట్టుకుంది. జ్వరంతో వచ్చినవాళ్ళను ఎప్పుడు మొదలైందని అడుగుతాం కదా, ఈ బద్ధకం నాకు ఎప్పుడు మొదలైంది? ఒక్కపూట మానలేదు, ఒక్క పేరు వదల్లేదు. పేర్లన్నీ నోటికి వచ్చేసిన రోజున మొదలై ఉంటుందని అప్పుడు అనుకున్నాను. ఇక వరసపెట్టి ఫోన్లు మొదలెట్టాను. నంబరు మారినవాళ్ళను వాళ్ళ ఊరివాళ్ళ ద్వారా పట్టుకున్నాను.

తొమ్మిది మంది లేరు. సంతానం కోసం నేను ఇంకా అడుగుతూనే ఉన్న నజ్రాన్ ఊళ్ళో పనిచేసే నర్సుకు కొడుకు పుట్టి ఒకటో తరగతిలో ఉన్నాడు. ఒకాయన తన కడుపునొప్పిని తానే మర్చిపోయాడు. నేను గుర్తుచేస్తే, ఏ పక్కన నొప్పి అని నన్నే అడిగాడు. ఒకావిడ, ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా అని ఏడ్చింది. దేవుడు నా పేర్ల పట్టీ కోసం ఆగలేదన్నమాట, తన పని తాను చేసుకుపోయాడు. అది తెలిసి నాకు నవ్వొచ్చింది, కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. అరవై రెండు పేర్ల పక్కన అడిగిన తారీఖు వేశాను. మిగిలింది మొదటి పేజీ ఒక్కటే.

ఈ పుస్తకం కూడా షైనికే ఇస్తున్నాను. షరతు ఒకటి: ఎవరి పేరు చదివినా ఆ నెలలో వాళ్ళను ఒక్కసారైనా పలకరించి ఉండాలి. అంత తీరిక లేకపోతే పేర్లు తగ్గించుకోవచ్చు.

5. భూమేష్‌కు నా టేప్‌రికార్డరు ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు వీలునామాలో ఏదీ రాయకూడదని యిర్మీయా చెప్పాడు. ఏది కావాలో తేల్చుకొమ్మంటే, "ఇచ్చేది ఎవలకన్న ఇయ్యక్కా, నేను సంతకం పెడ్త" అన్నాడు. కనుక అతనికి ఏమీ రాయడం లేదు.

6. ఒక ఒప్పుకోలు. అమ్మ పోయినప్పుడు ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే ఊరెళ్ళి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి, దొరకలేదని ఇంటికి కబురు చేశాను. అందరూ నమ్మారు. నిజానికి నేను అడగనే లేదు. అదిచ్చే ఆఫీసు మా వార్డు కింద అంతస్తులోనే ఉంది. దరఖాస్తు రాయాలి, ఇన్‌ఛార్జిని బతిమాలాలి, అంత దూరం పోయి అందరి ఏడుపూ చూడాలి. దానికి బదులు గదిలో మోకరించి, ఇంట్లోవాళ్ళకు ఆదరణ ఇమ్మని ప్రార్థించి, బాధ్యత తీరిందనుకున్నాను. భూమేష్ పోనివ్వక ఆగిపోయాడు, నేను పోగలిగి ఉండీ ఆగిపోయాను. జబ్బు మొదలైంది ఆ రోజునే. పుస్తకం ఆ తర్వాత కొన్నదే.

[ఇక్కడ, "నేను పోయాక ఈ అంశం మణికి చదివి వినిపించవలసినదిగా యిర్మీయాను కోరుతున్నాను" అన్న వాక్యం కొట్టివేశాను. కొట్టివేత దగ్గర నేనూ సాక్షులూ పొట్టి సంతకాలు చేశాం. చచ్చాక ఇంకొకరి చేత చెప్పించడం కూడా అదే బద్ధకం.]

7. ఈ అంశం శుక్రవారం కూడిక అయ్యాక చేర్చాను. మణికి ఫోను చేశాను. "ఎవరండీ?" అంది. నేనే అని, మళ్ళీ ధైర్యం పోతుందేమోనని ఆరో అంశంలో ఉన్నదంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"తెల్సు," అంది. "మీ ఆసుపత్రిలో చేసే అమ్మాయి సెలవుకొచ్చినప్పుడే చెప్పేసింది. నువ్వెప్పుడు చెప్తావా అని చూత్తన్నాను."

ఆ తర్వాత పది నిమిషాలు తిట్టింది. ఆ తిట్లు ఎవరికీ రాసివ్వను, నేనే ఉంచుకుంటాను. ఆపరేషన్ సంగతి చెబితే ఆగిపోయింది. ఎన్ని గంటలకు, డాక్టరు పేరేంటి, పక్కన ఎవరుంటారు, వార్డు నంబరెంత అని అడిగి అన్నీ రాసుకుంది. నంబరు రెండుసార్లు చెప్పించుకుంది. అప్పుడు నేను కూడా అడిగాను, నీ పేరు పక్కన ఏం రాసుకోమంటావే అని.

"మోకాళ్ళు," అంది. "రెండూను. మెట్లెక్కలేకపోతన్నాను."

మొదటి పేజీలో "మనసు మార్చు" అన్నది కొట్టేసి, "మోకాళ్ళు, రెండూ" అని రాసి, ఇవాళ్టి తారీఖు వేశాను.

జెద్దా, శుక్రవారం, 19 మే 2006.

(సంతకం) మేడిది కెజియా

ఆమె సంతకం చేస్తుండగా చూసి, ఆమె ఎదుటే సంతకాలు చేసినవాళ్ళం:

1. జిలానీ, ఆసుపత్రి బస్సు డ్రైవరు, స్వస్థలం గుడివాడ
2. భూమేష్, ఏసీ మెకానిక్కు, స్వస్థలం ఆర్మూరు