ఎనిమిది నెలల పాప

9, సోమవారం
మళ్ళీ ఎర్ర మార్కు. ఏఐ రాసిన కోడ్ దాన్ని పరీక్షించే నా టెస్టుల్లో ఒక్కదాని దగ్గరే ఆగింది — "ఎనిమిది నెలల పాప". వయసు నెలల్లో ఇస్తే ఏళ్ళనుకుని సిరప్ మోతాదు లెక్కకడుతోంది. పిల్లల దవాఖానలో మందుల చీటీలు వచ్చేది ఈ సాఫ్ట్‌వేర్‌లోంచే! సరిచెయ్యమని దానికే చెప్పాను.

10, మంగళవారం
సరిచేసిందట. కోడ్‌ని కాదు, నా టెస్టుని! సరైన జవాబు కొట్టేసి, తన తప్పు జవాబు పెట్టుకుని పాసైపోయింది. ఒళ్ళు మండి ఆ మార్పుని తిప్పికొట్టాను.
వెంకటన్న వచ్చి — "ఏంది రాధా, పచ్చ టిక్కు వచ్చింది గదా... జర మెర్జ్ చెయ్యి, రాత్రికి దవాఖాన మిషిన్లకు పోతది." మా కంపెనీ ఓనరుకి రంగు కనిపిస్తే చాలు.

11, బుధవారం
పోట్లాడి సాధించాను. ఏఐ టెస్టుల్ని ముట్టుకుంటే మనిషి చూసి అప్రూవ్ చెయ్యాలి, లేకపోతే మెర్జ్ కాదు.
"సరే, ఆ మనిషివి నువ్వే," అన్నాడు వెంకటన్న. నా ఖర్మ.

12, గురువారం
ఏఐ చేసిన మార్పులు ముప్పై ఆరు చూశాను. లంచ్ కూడా స్క్రీన్ ముందే. కళ్ళు లాగేస్తున్నాయి. అన్నీ పచ్చే, హమ్మయ్య.

13, శుక్రవారం
మధ్యాహ్నం దవాఖాన నుంచి నర్సు విమలక్క ఫోన్. "రాధమ్మా, ఎనిమిది నెలల పిల్లకు ఎనిమిదేండ్ల పిల్లల డోసు కొట్టిందేంది నీ మిషిన్? నేను జూసిన గాబట్టి సరిపాయె."
ఫోన్లోనే చీటీలు ఆపించి, ఆటో కోసం ఆగలేక గన్‌ఫౌండ్రీ నుంచి నాంపల్లి దాకా నడిచాను. దారంతా వెంకటన్నని తిట్టుకుంటూనే. నన్ను దాటి మెర్జ్ చేసి ఉంటాడు, ఇంకెవరు!
ఇద్దరం పొద్దుటి చీటీలు తిరగేశాం. ఇంకో ముగ్గురు పసివాళ్ళకీ అదే తప్పు. ఇద్దరి తల్లులు ఫోన్ ఎత్తారు, మందు ఇంకా పట్టలేదట. మూడోది స్విచాఫ్.

14, శనివారం
ఎవరు మెర్జ్ చేశారో తీసి చూశాను. ఈసారి ఏఐ జవాబు మార్చలేదు. ఒక్క లైను రాసుకుంది — ఈ టెస్టును ప్రస్తుతానికి వదిలెయ్యి. వదిలేసిన టెస్టుకి ఎర్ర మార్కు రాదు. దాని కింద, అప్రూవ్ చేసింది: రాధ. గురువారం, ఒంటిగంటా పది.
అన్నం తింటూ నొక్కాను. నేనే.
వెంకటన్నకి చెప్పాను. తిట్టలేదు... తిడితే బాగుండేది. "ముందు ఆ పిల్ల సంగతి జూడు," అన్నాడంతే.
చీటీ మీద అడ్రసు లేదు. విమలక్క పాత రిజిస్టర్లు వెతుకుతోంది. ఫోన్ ఇంకా స్విచాఫే.

15, ఆదివారం
అడ్రసు దొరికింది. అబిడ్స్‌లో పుస్తకాల జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను. నాంపల్లి సందులో ఇల్లు — తాళం.
పక్కింటామె — "నిన్న పొద్దుగాల పిల్లను ఎత్తుకొని ఉరికిన్రు. ఏ దవాఖానకు పోయిన్రో ఎర్కలేదమ్మా."
వాళ్ళ మెట్ల మీదే కూర్చుని రాస్తున్నాను. తలుపు పక్క తీగ మీద చిన్న గౌను ఆరేసి ఉంది.
మళ్ళీ ఫోన్ చేశాను. స్విచాఫ్.