పెస్టో గదిలో లైటు

జనవరి 12, 2009. ఫార్మింగ్టన్ హిల్స్

మా అమ్మాయి ఇంద్రజ ఇంట్లోకి ఊసరవెల్లి వచ్చింది. పన్నెండేళ్ళ మనవరాలు రచన ఏడాది పాటు అడిగి సాధించుకుంది. పేరు పెస్టో. అదొక రకం పచ్చడట. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో చరిత్ర చెప్పాను, ఏ వంశంలోనూ పచ్చడి పేరు పెట్టుకున్నవాడు తగల్లేదు.

వాడికి నా పక్క గది ఇచ్చారు. గాజు తొట్టె పనికిరాదట, అందులో తన నీడనే చూసి శత్రువనుకుంటాడట. అందుకని నిలువెత్తు మెష్ కేజ్. లోపల మనీ ప్లాంట్లు, అడ్డంగా కొమ్మలు. గిన్నెలో నీళ్ళు ముట్టడు, ఆకుల మీద చుక్కలే నాకుతాడట. రచన ప్లాస్టిక్ కప్పుకి సూదితో చిల్లు పొడిచి పైన వేలాడదీసింది. అచ్చం శివుడి ధారాపాత్ర అన్నాను. అభిషేకం చేయించుకునే మొహమేనా అమ్మా అది, అంది ఇంద్రజ.

కేజ్ మీద రెండు పెద్ద బల్బులు, నగల షాపులో లాగా.

జనవరి 15

ఈ ఇంట్లో ఎవరికీ లైటు ఆర్పే అలవాటు లేదు. ఉదయం అందరూ వెళ్ళాక గదిగదికీ తిరిగి ఆర్పుకొస్తాను. రచన స్కూల్ బస్ దిగే ముందు మళ్ళీ అన్నీ వేసి ఉంచుతాను. పిల్ల చీకటింట్లోకి రాకూడదు.

జనవరి 18

పెస్టో తినడం లేదు. వచ్చిన రోజు లేత అరిటాకులా ఉన్నాడు, ఇప్పుడు కాఫీ డికాక్షన్. మనుషులు రంగు మారిస్తే ఎందుకో నాకు తెలుస్తుంది. వీడి సంగతి అంతుబట్టడం లేదు.

జనవరి 20

నా పచ్చ పట్టుచీర కేజ్ చుట్టూ కట్టాను, చూసి మారతాడేమోనని. రచన నవ్వలేదు. చుట్టూ ఉన్నదాన్ని చూసి మారడు అమ్మమ్మా, ఇట్స్ హౌ హి ఫీల్స్, అంది. క్లాసులో ఎందరు నాయకుల్ని వీడి జాతితో పోల్చానో. ఇప్పుడు ఎవరికి క్షమాపణ చెప్పాలి?

జనవరి 22

ఇంద్రజ తీర్పు చెప్పింది. శనివారం లోపు తినకపోతే కొన్నచోటే ఇచ్చేస్తారు. నీకు రెస్పాన్సిబిలిటీ లేదంది పిల్లని. రచన మెట్లెక్కిపోయింది.

జనవరి 23, మధ్యాహ్నం 12

రచన ఒక కాగితమిచ్చి వెళ్ళింది. పన్నెండింటికి కేజ్‌లో థర్మామీటర్ చూసి రాయాలి. ఎనభై అయిదు ఫారెన్‌హీట్ ఉండాలట. అరవై ఆరు ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అరవై ఆరే.

12.20

బల్బు తాకాను. చల్లగా ఉంది. ఉండదూ మరి, ఆర్పింది నేనే కదా. కిటికీలోంచి మంచు మీది వెలుతురంతా వస్తుంటే దీపం దేనికని. అది దీపం కాదు, వాడి ఎండ. పది రోజులుగా రోజూ ఆర్పేస్తున్నాను.

2.00

లైటు వేశాక వాడు ఊగుతూ ఊగుతూ కొమ్మెక్కి బల్బు కింద చేరాడు. మెడ దగ్గర పచ్చబడుతున్నాడు.

అరవై ఆరు చెరిపి ఎనభై అయిదు రాస్తే ఎవరికీ తెలియదు. పరీక్ష హాల్లో ఇంతకంటే చిన్నవాటికి పిల్లల్ని బయటికి పంపాను.

సాయంత్రం

చెప్పేశాను, ఇంద్రజ ముందే. రచన నా వైపు చూడకుండా స్విచ్ మీద టేప్ అంటించింది. వెళ్ళి ఒక పురుగు తెచ్చింది. పెస్టో నాలుక విసిరి లాక్కున్నాడు. మా అమ్మ నాలుక కంటే పొడుగే, అంది ఇంద్రజ. అప్పుడు నవ్వింది పిల్ల.

జనవరి 26

అందరూ వెళ్ళారు. మిగతా గదులన్నీ ఆర్పి పెస్టో గదికొచ్చాను. చెయ్యి దానంతటదే లేచింది. పెస్టో ఒక కన్ను నా మీద పెట్టాడు, రెండోది స్విచ్ మీద.

చెయ్యి కొంగులో చుట్టుకున్నాను.