నువ్వు కట్టిన చెక్కభజన దరువు

రమణా,

ఇవాళ నీ కీబోర్డు ఇచ్చేశాను. నువ్వు పోయాక కూడా మన భజన మండలి దాన్నే వాయిస్తూ వచ్చింది. ఈమధ్య కొన్ని మెట్లు పలకడం మానేశాయి. పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకుందామని, ఎంచడానికి నన్నే కె.ఆర్.పురంలోని వాద్యాల అంగడికి తీసుకుపోయారు.

నువ్వు చూసినట్టే చూశాను. ఫ్లూటు పెట్టి ఒక మెట్టు నొక్కి, వేలు తీయకుండా విన్నాను. శబ్దం సాగినంతసేపూ ఎక్కడా అతికినట్టు వినిపించలేదు. తనంతట తానే తాళం వాయించే స్టైల్ పెట్టి, మిగతా వాద్యాలన్నీ ఆపి తబలా ఒక్కటే విన్నాను. గుమ్మనే గుమకు నిండుగా ఉంది. చెక్కభజన మాత్రం ఇందులోనూ లేదు. ఏ కంపెనీవాళ్ళూ పెట్టలేదనే కదా, నువ్వే ఆ దరువు కట్టి నీదాంట్లో దాచావు.

దాన్ని కొత్తదాంట్లోకి ఎక్కించమని అడగబోయాను. అప్పటికే అంగడాయన నీ కీబోర్డు ముందున్నాడు. "లోపల ఉండేదంతా క్లియర్ చేసేసినానక్కా. ఇంక కొనేవాళ్ళకి కొత్తదే అనుకోండి" అన్నాడు. ఆయన తప్పేముంది? ముందే చెప్పాల్సింది నేను. కొత్తదాని శబ్దంలో పడి మరిచాను.

సాయంత్రం భజనలో అందరూ మురిసిపోయారు. "దీని ముందర పాతది ఏ మూలకక్కా?" అన్నారు. అవునన్నాను. అది అబద్ధం కూడా కాదు. ఎన్నాళ్ళకో గొంతు విప్పి పాడాను.

ఇంటికొచ్చి దీపం ముందు కూర్చున్నాను. క్షమించమని అడగాల్సింది దేవుణ్ణి కాదనిపించి, నీకు రాస్తున్నాను.

పెద్దక్క