నీ కారుకి కొత్త ఇంజనట

అన్నయ్యా,

నీ కారు ఇంజను పీకేసి కొత్తది బిగించాలని మన యువజన సంఘం నిన్న తీర్మానం పెట్టింది. ఈ అన్యాయానికి కర్త ఇంకెవరో కాదు, నీ ప్రాణస్నేహితుడు సూరిబాబు.

విశాఖలో ఓడ దిగిన నావికుడి దగ్గర నువ్వు చవగ్గా కొన్న రిమోట్ కారు అది. స్పిరిట్‌లో ఆముదం కలిపి పోస్తే హైస్కూలు గ్రౌండంతా దుమ్ము రేపేది. నువ్వు పోయాక, ఈ చలికాలంలో, సగం గ్రౌండు దాటకుండానే ఆగిపోతోంది.

"అలిసిపోయిన కార్మికుణ్ణి గెంటేసే పెట్టుబడిదారీ బుద్ధి ఇది!" అని మీటింగులో బల్ల గుద్ది అరిచాను.

సూరిబాబు గొంతు పెంచలేదు. "ఓరి బాబూ, ఇంజనుకేటీ అవనేదురా. సలికాలం వొస్తే ఇంజనుకి ఆయిలొదిలే స్క్రూ రవ్వంత తిప్పాల. మీ అన్న తిప్పీవోడు. నువ్వు మమ్మల్ని ముట్టనిస్తే గదా! అందుకే కొత్తది కొందారన్నాను."

ఎండాకాలంలో ఇంజను చెవి దగ్గర పెట్టుకుని చప్పుడు విని, ఆ స్క్రూని చివరిసారి తిప్పింది నువ్వే. అది కదిలితే నీ చేతి గుర్తు చెరిగిపోతుందని ఇన్నాళ్లూ కాపలా కాశాను.

కొత్త ఇంజను వద్దన్నాను. స్క్రూ నేనే తిప్పుతాను. ఎంత తిప్పాలో నీలా చెవితో పట్టడం నాకు రాదు. "నేను సెప్తాన్లే" అన్నాడు సూరిబాబు.

సంఘం సభ్యులందరికీ పిలుపిచ్చాను, నీకూ ఇస్తున్నాను: ఆదివారం పొద్దున్న ఏడు గంటలకి, హైస్కూలు గ్రౌండుకి రా.