నల్లతెర వెనక నానమ్మ గొంతు

కుందుజ్ తల్లీ, ఈ చీటీ చివరిదాకా చదివేవరకు లాప్‌టాప్‌లో ఏ మీటా నొక్కకు. పాత విండోస్ పక్కన లినక్స్ ఎక్కించి, ఏది కావాలని అడిగే పట్టిక పెట్టావు కదా, ఇవాళ అది రాలేదు. నల్లతెర మీద “డిస్కు దొరకలేదు” అని ఒక్క ముక్క వచ్చింది. దిష్టి తగిలిందేమోనని ఆర్చా చెట్టు కొమ్మ కాల్చి ధూపం వేశాను. దానికేం కాలేదు, నాకే దగ్గొచ్చింది.

మీ నానమ్మ పాడిన జోలపాట అందులో తప్ప ఇంకెక్కడా లేదు. నీ పెన్‌డ్రైవ్‌తో ఆ పట్టికను మళ్లీ నిలబెట్టు. అన్నీ చెరిపెయ్యనా అని అడిగితే మాత్రం వద్దను. గుర్రాలను కొండ మీదికి తోలుకెళ్తున్నాను. ఇక్కడే ఉంటే ఇంకేదో నొక్కేస్తాను.

తాతయ్య

పాట పోయి ఉంటే నిజం చెప్పకు, జడలబర్రె మింగిందను. నా కోతలన్నీ నమ్మినట్టు నటించావుగా, ఈసారి నా వంతు.